లిల్లీ కూతురి సంబంధం

వట్లూరులో మా పక్కింటి రాఘవయ్యగారు పోస్ట్‌మన్‌గా చేరి పోస్ట్‌మన్‌గానే రిటైరయ్యారు. అయినా జనం ఆయన్ని గుర్తుపెట్టుకున్నది ఉత్తరాల వల్ల కాదు, విచారణల వల్ల. మా వైపు పిల్లకో పిల్లాడికో సంబంధం వస్తే, పెద్దలు వెళ్ళి చూసుకునే ముందు ఎవరో ఒకరు చడీచప్పుడు లేకుండా వెళ్ళి ఆ ఇంటి మంచీచెడూ కనుక్కుని రావాలి. ముప్పై ఏళ్ళుగా ఆ ఎవరో ఒకరు ఈయనే.

ఆయనకో పద్ధతి ఉంది. ముందు ఆ ఇంటికి వెళ్ళరు. ఆ వీధిలో ఇస్త్రీ బండి దగ్గర నిలబడతారు. ఇస్త్రీ అతనికి తెలియని గుట్టు ఏ వీధిలోనూ ఉండదని ఆయన నమ్మకం. తర్వాత పాలాయన, ఆ తర్వాత ఎదురింటివాళ్ళు. అన్నీ అయ్యాక ఆ ఇంటి గుమ్మం ముందు ఆగి, దారిన పోయే మనిషిలాగా మంచినీళ్ళు అడుగుతారు. గ్లాసు ఎలా తోమారో, తెచ్చిన మనిషి మొహం ఎలా ఉందో, గుమ్మంలో చెప్పులు ఎలా విడిచారో చూసుకుని వచ్చేస్తారు. నీళ్ళు తప్ప మరేమీ పుచ్చుకోరు. సంబంధం ఖాయం కాకుండా వాళ్ళింట్లో కాఫీ తాగితే నాలుక వాళ్ళ వైపు మొగ్గుతుందని ఆయన సిద్ధాంతం. ఇంటికొచ్చి పొడుగు నోటుపుస్తకంలో ఒక పక్క మంచి, ఒక పక్క చెడు రాస్తారు.

నా సంబంధం విచారించింది కూడా ఆయనే. గణపవరం వెళ్ళి వచ్చి మా నాన్నతో, "పిల్లాడు రవిశంకర్ బుద్ధిమంతుడండీ. గురక పెడతాడు. అంతకుమించి చెప్పుకోవడానికేమీ లేదండీ" అన్నారు. ఇరవై ఏళ్ళయింది. ఆ మాటకి నేను ఇంతవరకూ ఒక్క ముక్క కలపలేకపోయాను, ఒక్క ముక్క తీసేయలేకపోయాను. ఆ విషయంలో ఆయన మీద గౌరవమే. కోపం ఎక్కడంటే, మా అత్తగారి వాళ్ళు నా గురించి విచారించమని పట్టుకున్నది కూడా ఈయన్నేనట. "అమ్మాయి దుర్గాభవాని మనసు మంచిదండీ. నోరెక్కువ. కాఫీ బాగోదు" అని చెప్పారట. పక్కింటి పెద్దాయన కదా అని నేను పెట్టిన కాఫీలన్నీ తాగి చెప్పిన మాట అది. మా ఆయన ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలోనే పనిచేస్తారు కాబట్టి మేం మా నాన్న ఇంట్లోనే ఉంటున్నాం. అంటే ఆయన ఇప్పటికీ పక్కిల్లే. ఇప్పటికీ తాగుతారు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. పెళ్ళికైతే ముహూర్తం ముంచుకొస్తుంది కాబట్టి విచారణ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. సొంతింటి వస్తువులకి ముహూర్తం ఉండదు. ఆయన భార్య ఉమాకుమారి పిన్నిగారు ఫ్రిజ్ కావాలంటే మూడేళ్ళు విచారించారు. కుట్టుమిషను కావాలంటే, విచారణ పూర్తయ్యేసరికి ఆవిడకి చత్వారం వచ్చి సూదిలో దారం ఎక్కడం మానేసింది. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ అసలెప్పుడూ ఏమీ అనరు. ఆ తర్వాత ఏదైనా కావాలని అడగడం కూడా మానేశారు.

అలాంటి మనిషి ఈ ఏడు మాఘమాసంలో ఒక కుక్క కావాలన్నారు.

తాడేపల్లిగూడెంలో గృహప్రవేశానికి వెళ్ళాం, వాళ్ళిద్దరూ మేమిద్దరం. ఆ పక్కింట్లో కృపమ్మగారని, మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన టీచరుగారున్నారు. ఆవిడ కుక్క లిల్లీ గేటు సందులోంచి షామియానా కిందికి వచ్చింది. షిట్జూ అని ఒక జాతి. మనిషి తలకింద దిండంత ఉంటుంది, అంతకు మించి పెరగదు. ఒళ్ళంతా పొడుగు జుట్టు, ముక్కు ఎవరో వేలుపెట్టి లోపలికి నొక్కినట్టుంటుంది. కడుపుతో ఉంది పాపం. అది అంతమందినీ దాటుకుంటూ వెళ్ళి, మూల జంపఖానా మీద గోడకి ఆనుకుని కూర్చున్న పిన్నిగారి ఒళ్ళోకెక్కి పడుకుంది.

భోజనాలకి పిలిచారు. మొదటి బంతి లేచింది. రెండో బంతి లేచింది. మూడో బంతి కూడా లేచింది. పిన్నిగారు లేవలేదు. కదిలితే దానికి నిద్ర చెడుతుందట. చివరికి వంటవాళ్ళతో పాటు కూర్చుని ఇంత పెరుగన్నం తిన్నారు. తిరిగొచ్చేటప్పుడు రైల్లో, కిటికీలోంచి చూస్తూ, "ఏవండీ, దానికి పిల్లలు పుడితే ఒకటి అడుగుదామా?" అన్నారు.

"కనుక్కుందాం" అన్నారు రాఘవయ్యగారు.

ఫ్రిజ్ అప్పుడు కూడా ఆయన అన్నది ఆ ఒక్క మాటే.

మార్చి మొదట్లో నాలుగు పిల్లలు పుట్టాయి. రెండు నెలలు నిండాకే తల్లి నుంచి వేరు చేస్తానని, మూడింటికి అప్పుడే మాట ఇచ్చేశానని, ఒక్క ఆడపిల్ల మిగిలిందని కృపమ్మగారు ఫోన్‌లో చెప్పారు. మే మొదటి వారంలోగా తేల్చకపోతే అదీ ఇంకెవరికో వెళ్ళిపోతుంది. "బాబాయిగారూ, ఇది ఫ్రిజ్ కాదండీ, గడువుంది" అని ప్రహరీ మీంచి అరిచి చెప్పాను. ఆయన నోటుపుస్తకంలో కొత్త పేజీ తీసి పైన 'లిల్లీ కూతురు' అని రాసుకున్నారు.

మొదటి విచారణ ఏలూరులో, పశువుల డాక్టరమ్మ ఇందుజగారి దగ్గర. ఇంగ్లీషు మాటలొస్తే అర్థం చెప్పడానికి నన్ను తోడు తీసుకెళ్ళారు.

"ఏం జబ్బండీ? కుక్కేదండీ?" అన్నారు డాక్టరమ్మ.

"కుక్కింకా లేదండీ. షిట్జూ సంగతి విచారణకొచ్చాం. ఆ వంశంలో ఏమైనా జబ్బులున్నాయాండీ?"

ఆవిడ పెన్ను కింద పెట్టి ఆయన్ని తేరిపార చూశారు. తర్వాత ఓపిగ్గా చెప్పుకొచ్చారు. కళ్ళు బయటికుంటాయి, జుట్టు గుచ్చుకుంటే పుండు పడుతుంది, కాబట్టి కళ్ళ మీది జుట్టు కత్తిరించాలి, లేకపోతే పిలక కట్టాలి. రోజూ దువ్వకపోతే జుట్టు ఉండకడుతుంది. ముక్కు పొట్టి కాబట్టి ఎండకి ఆయాసపడుతుంది, మన మే నెలలో పట్టపగలు బయట అడుగు పెట్టనివ్వకూడదు. కొన్నిటికి మోకాలి చిప్ప జారే గుణం ఉంటుంది, అందుకని తల్లి నడక చూసుకోవాలి. ఎక్కడ పడితే అక్కడ తడపకుండా నేర్పడానికి నెలలు పడుతుంది.

"కోపం?"

"లేదండీ."

"ఇల్లు కాస్తుందాండీ?"

"దొంగొస్తే వాడి ఒళ్ళో కూర్చుంటుందండీ."

"నిద్ర సంగతి?"

"గురక పెడుతుందండీ."

ఆయన నా వైపు చూశారు. నేను గోడ మీద టీకాల పట్టిక చదువుకుంటున్నట్టు ఉండిపోయాను.

"ఇంట్లో ఒంటరిగా పెట్టి తలుపేసుకుని వెళ్ళేవాళ్ళకి మాత్రం వద్దండీ" అన్నారు డాక్టరమ్మ. "దానికి మనిషి కావాలి. పన్నెండు పదమూడేళ్ళు మీతోనే ఉంటుంది మరి. నా దగ్గరికి అందరూ కొన్నాక ఏడుస్తూ వస్తారండీ. కొనకముందు అడగడానికొచ్చింది మీరొక్కరే." రాఘవయ్యగారు ఆ మాట కూడా రాసుకున్నారు. మంచి పక్కనా చెడు పక్కనా అన్నది తేలక మధ్యలో రాశారు.

రెండో విచారణ కైకలూరులో. చేపల మేత అమ్మే ఎడ్విన్ అనే ఆయన కొట్లో ఒక షిట్జూ ఉందని ఎవరో చెప్పారు. అక్కడ ఇస్త్రీ బండి కనబడకపోతే పక్కన ఐసు ఫ్యాక్టరీ వాళ్ళని అడిగి, ఆ తర్వాతే కొట్లోకి వెళ్ళారు. కుక్క ఏసీ గదిలో మేత బస్తా మీద వెల్లకిలా పడుకుని ఉంది. కొల్లేటి చెమ్మకి దాని చర్మం పాడైతే జుట్టంతా పొట్టిగా కత్తిరించేశామని, స్నానం చేయించాక కుదుళ్ళ దాకా ఆరబెట్టాలని ఎడ్విన్ చెప్పారు. "ఇంకో సంగతండీ. నేను చెరువుల మీదికెళ్తే తిరిగొచ్చేదాకా తలుపు దగ్గరే కూర్చుంటుంది. తిండి ముట్టదండీ." రాఘవయ్యగారు 'బెంగ పెట్టుకుంటుంది' అని చెడు పక్కన రాశారు. బస్సు ఎక్కాక దాన్ని కొట్టేసి మంచి పక్కన రాశారు.

ఇంటికొస్తే పిన్నిగారు, "ఏమన్నారండీ?" అన్నారు.

"ఇంకా కనుక్కోవాలి."

అప్పటికి ఏప్రిల్ సగమైంది. పిన్నిగారు అప్పటికే ఒక దువ్వెన కొని బీరువాలో చీరల కింద దాచారు. నాకు చూపించారు. ఆయనకి చూపించలేదు.

మూడో విచారణ గూడెంలో కృపమ్మగారింట్లో. పిన్నిగారిని రావద్దన్నారు, కుక్కని చూస్తే మనసు మొగ్గిపోతుందని. నన్ను తీసుకెళ్ళారు. వీధి మొదట్లో ఇస్త్రీ బండి దగ్గర పావుగంట, పాలాయనతో పది నిమిషాలు అయ్యాక గేటు దగ్గర నిలబడి మంచినీళ్ళు అడిగారు. కృపమ్మగారు, "ఫోన్ చేసింది మీరే కదండీ. లోపలికి రండి, నీళ్ళేమిటి" అన్నారు. డెబ్బై దాటిన మనిషి, తెల్లచీర, మాట మెత్తన. రాఘవయ్యగారు లిల్లీని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి మూడుసార్లు నడిపించి మోకాళ్ళు చూశారు. మాకనుకున్న పిల్ల మిగతా మూడింటి పక్కన ఫ్యాను కింద తడిగుడ్డ మీద నిద్రపోతోంది. అది పుట్టిన సమయం అడిగారు.

"పదింటికి పడుకున్నానండీ. పొద్దున్న లేచేసరికి నాలుగున్నాయి" అన్నారు కృపమ్మగారు. ఆయన 'నక్షత్రం తెలియదు' అని రాసుకున్నారు.

అప్పుడావిడ లోపలికి వెళ్ళి పళ్ళెంలో రెండు కప్పుల కాఫీ, రెండు కేకు ముక్కలు తెచ్చారు. నేను తీసుకున్నాను. రాఘవయ్యగారు చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకొద్దండీ. ఇప్పుడు పుచ్చుకోకూడదండీ. నీళ్ళు చాలు" అన్నారు.

పళ్ళెం పట్టుకున్న చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "అలాగేనండీ" అని ఆవిడ ఆ కప్పు వెనక్కి తీసుకెళ్ళిపోయారు. మళ్ళీ వచ్చి కూర్చున్నారు గానీ, ఆ తర్వాత అడిగిన ప్రతిదానికీ ఒక్క ముక్కలోనే జవాబు చెప్పారు. నేను అప్పుడు మాట్లాడాల్సింది. నోరెక్కువని రెండు వైపులా పేరు పడ్డదాన్ని, కావలసిన ఒక్కసారీ నోరు విప్పలేదు. కేకు తింటూ కూర్చున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు ఫోన్ వచ్చింది. "మేం ఇంకా ఆలోచించుకుంటామండీ. వేరేవాళ్ళు కూడా అడుగుతున్నారు" అని కృపమ్మగారు పెట్టేశారు. పెళ్ళివారి భాషలో ఆ మాటకి అర్థమేమిటో ఆయనకి తెలిసినంతగా జిల్లాలో ఎవరికీ తెలియదు. ఆయనే ఎందరి తరఫునో ఆ మాట చెప్పారు. పిన్నిగారు బీరువా తాళం వేసుకుని పెరట్లోకి వెళ్ళిపోయారు.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే ఆయన అరుగు మీద పేపరు చదువుతున్నారు. నేను గేటు దగ్గర ముగ్గు పెడుతున్నాను.

"భవానీ, ఇస్త్రీ బండి దగ్గర ఎవరో ఆవిడ. చేతిలో బట్టలున్నాయా?"

చూశాను. "లేవండీ. హ్యాండ్‌బ్యాగు ఒకటుంది."

"అయితే మన గురించే" అని ఆయన పేపరు దించేశారు.

ఆవిడ ఇస్త్రీ అతనితో చాలాసేపు మాట్లాడింది. అక్కణ్ణించి పాల బూత్‌కి వెళ్ళింది. తర్వాత వీధికి అవతల నిలబడి రాఘవయ్యగారి గుమ్మం వైపు చూసింది. ఆయన లేచి, గుమ్మంలో అడ్డదిడ్డంగా ఉన్న చెప్పుల్ని సరిచేసి మళ్ళీ కూర్చున్నారు. ముప్పై ఏళ్ళుగా వీధి అవతల నిలబడిన మనిషి, మొదటిసారి ఇవతల కూర్చున్నారు.

ఆవిడ నా దగ్గరికి వచ్చింది. పేరు పెర్సిస్, ఏలూరులో నర్సు, కృపమ్మగారి మేనకోడలు. "అక్కా, పక్కింటివాళ్ళు ఎలాంటివాళ్ళండీ?"

ఇరవై ఏళ్ళుగా దాచిపెట్టిన మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. కాఫీ దగ్గర మొదలుపెడదామనుకున్నాను. నేను నోరు తెరిచేలోపే ఆ పిల్ల, "వాళ్ళు మా ఇళ్ళల్లో ఏమీ పుచ్చుకోరాండీ?" అంది. "మా అత్తకి కప్పు వెనక్కి తీసుకెళ్ళడం కొత్త కాదు. చిన్నప్పటి నుంచీ చూస్తోంది. దానికేం అనుకోదు. మా చేతి కాఫీ తాగనివాళ్ళు మా చేతుల్లో పెరిగిన పిల్లని ఇంట్లోకి రానిస్తారా, ఎండలో గుంజకి కట్టేస్తారా అని మా అత్త భయం. ఎండ పడదు కదండీ దానికి."

నేను కడుపులో దాచుకున్న కోపం అంతా ఎటు పోయిందో తెలియదు. "అమ్మా, ఆయన సంబంధం ఖాయం కాకుండా ఎవరింట్లోనూ కాఫీ తాగరు. మా అత్తగారింట్లోనూ తాగలేదు. వాళ్ళదీ ఆయనదీ ఒకటే కులం. ఆ పద్ధతి మీ ఇంట్లో ఎలా కనబడుతుందో ఆయనకి తట్టలేదు. తట్టకపోవడం తప్పే. నాకు తట్టి కూడా ఊరుకున్నాను. అది ఇంకా పెద్ద తప్పు" అన్నాను.

"మిగతా విషయాల్లోనండీ?"

"నిదానం. ఫ్రిజ్‌కి మూడేళ్ళు పట్టింది. మూడు నెలల్లో ఇంత దూరం వచ్చారంటే ఆయన లెక్కలో పరుగే."

పెర్సిస్ తిన్నగా వాళ్ళింటికెళ్ళి మంచినీళ్ళు అడిగింది. పిన్నిగారు వంటింట్లోకి రమ్మన్నారు. నేనూ వెనకాలే వెళ్ళాను, పిలవకుండానే. పెర్సిస్ నీళ్ళు తాగి, గ్లాసు చూసి, "ఆంటీ, అంకుల్ ఎలాంటివారండీ?" అంది.

రాఘవయ్యగారు ఎన్ని ఇళ్ళు విచారించినా ఏ ఇంటి ఇల్లాలినీ ఆ ప్రశ్న అడిగి ఉండరు. అరుగు మీద పేపరు చప్పుడు ఆగిపోయింది.

పిన్నిగారు గ్లాసు కడిగి బోర్లించారు. "ముప్పై నాలుగేళ్ళలో నన్నొక్క మాట అనలేదమ్మా" అన్నారు. కొంగుతో చెయ్యి తుడుచుకున్నారు. "ఒక్క మాట అడగనూ లేదు."

పెర్సిస్ వెళ్ళిపోయాక నేను అరుగు మీదికెళ్ళి, ఆయన ఎదురుగా నిలబడి, కాఫీ కప్పు సంగతి మొత్తం చెప్పేశాను. విచారణలో ఎవరేం అడిగారో బయటికి చెప్పకూడదన్నది ఆయన పెట్టిన నియమమే. పోనిమ్మన్నాను.

"అందుకు కాదు భవానీ" అన్నారు.

"నాకు తెలుసండీ. ఆవిడకెలా తెలుస్తుంది? మీరు చెప్పారా?"

ఆయన లేచి, సరిచేసిన చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. తర్వాత, "మీ ఆయన్ని కారు తియ్యమను" అన్నారు.

"రేపు పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు..."

"ఇప్పుడే."

రాఘవయ్యగారి నోట ఆ మాట వినడం నాకదే మొదలు. పిన్నిగారు చీర కూడా మార్చుకోలేదు. దువ్వెన మాత్రం తెచ్చుకున్నారు.

గూడెం చేరేసరికి ఎండ మాడ్చేస్తోంది. ఈసారి ఇస్త్రీ బండి దగ్గర ఆగలేదు. కృపమ్మగారు మా నలుగురికీ తలుపు తీశారు. రాఘవయ్యగారు గుమ్మంలోనే నిలబడి, "టీచరుగారూ, మొన్న కాఫీ తాగకుండా వెళ్ళిపోయానండీ. పొరపాటైపోయింది. తాగుదామని వచ్చాం" అన్నారు.

ఆవిడ ఆయన్ని, హోమ్‌వర్క్ వారం ఆలస్యంగా తెచ్చిన పిల్లాణ్ణి చూసినట్టు చూశారు. లోపలికి వెళ్ళి ఐదు కప్పులు తెచ్చారు, తనకి కూడా. ఆయన కప్పు ఖాళీ చేసి ఇంకొకటి అడిగారు. తాగుతూ నా వైపు ఒకసారి చూశారు. ఏం అనబోయారో నాకు తెలుసు. ఆ రోజుకి అనలేదు.

పిన్నిగారు కుర్చీలో కూర్చోకుండా చాప మీద కూర్చున్నారు. లిల్లీ వచ్చి, ఆ చోటు ఎప్పటి నుంచో తనదే అన్నట్టు, ఆవిడ ఒళ్ళో పడుకుంది. పిల్ల దాని వెనకే వచ్చి చీర అంచు నమలడం మొదలుపెట్టింది.

"మీకెందుకమ్మా ఇది?" అన్నారు కృపమ్మగారు పిన్నిగారితో. "రోజూ దువ్వాలి. ఎండ పడదు. ఇల్లు కాయదు. ఎందుకు కావాలనిపించింది?"

రాఘవయ్యగారి చెయ్యి అలవాటుగా సంచిలోని నోటుపుస్తకం మీదికెళ్ళింది. కళ్ళు, మోకాళ్ళు, చెమ్మ, నక్షత్రం, అన్నీ అందులో ఉన్నాయి. ఇది లేదు.

పిన్నిగారు లిల్లీ తల నిమురుతూ, "ఆ రోజు అంతమందిలో ఇది తిన్నగా నా దగ్గరికొచ్చిందండీ" అన్నారు. "నేనెలాంటిదాన్నో ఎవరినీ ఏమీ కనుక్కోకుండానే వచ్చి నా ఒళ్ళో పడుకుంది."

కృపమ్మగారు వంగి, పిల్లని ఎత్తి, తల్లి పక్కన ఆవిడ ఒళ్ళో పెట్టారు.

రాఘవయ్యగారు రెండో కప్పు చేతిలో అలాగే పట్టుకుని ఉండిపోయారు. "నేనడగాల్సింది ఉమా" అన్నారు.

"తాగండి, చల్లారిపోతుంది" అన్నారు పిన్నిగారు.